వంటగది రెన్యువేషన్: 100 వంతుల కొటేషన్‌ను విప్పి చూసిన కేసు

కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్ ఒక్క పేజీ. పది లైన్లు, కింద మొత్తం, ఆ కింద చిన్న అక్షరాల్లో నాలుగు షరతులు. రెండో కాంట్రాక్టర్ ఇచ్చింది నాలుగు పేజీలు, మొత్తం మొదటిదాని కంటే 9 శాతం ఎక్కువ. ఇంటివాళ్లు సహజంగానే మొదటిదానికి మొగ్గారు. సంతకానికి ముందు దాన్ని లైను లైనుగా పరిశీలిస్తే ఏది ఎందుకు పెరిగింది, ఏది ఎందుకు తగ్గింది, ఒప్పందం చివరికి ఏ అంకె దగ్గర కుదిరింది అన్నదే ఈ కేసు.

ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారిపోతాయి. అందుకని మొదటి కొటేషన్ మొత్తాన్ని 100 వంతులుగా తీసుకుని, మిగతా లెక్కలన్నీ దాని మీదే చెబుతున్నాం. పన్నులు రెండు కొటేషన్లలోనూ పక్కన పెట్టాం.

గది లోపలి కొలత 12 అడుగులు × 9 అడుగులు. కౌంటర్ ఎల్ ఆకారంలో, 12 అడుగుల గోడ పొడవునా వెళ్లి 9 అడుగుల గోడ మీదికి తిరుగుతుంది. ఆ 9 అడుగుల గోడ చివర 3 అడుగులు ఫ్రిజ్‌కి. కిటికీ 12 అడుగుల గోడలో, వెడల్పు 4 అడుగులు. సింక్ ఇప్పుడు 9 అడుగుల గోడ దగ్గర ఉంది, కొత్త ప్లాన్‌లో కిటికీ కిందికి మారుతుంది.

కొటేషన్ ఇలా ఉంది:

పాత ప్లాట్‌ఫాం, టైల్స్ కొట్టివేత: 4
సివిల్ పని, ప్లాస్టరింగ్ (అవసరాన్ని బట్టి): 6
ప్లంబింగ్, 4 పాయింట్లు: 7
ఎలక్ట్రికల్, 10 పాయింట్లు: 8
ఫ్లోర్, వాల్ టైల్స్, 170 చ.అ.: 13
కౌంటర్ టాప్ గ్రానైట్, 42 చ.అ.: 11
మాడ్యులర్ క్యాబినెట్లు, ప్లైవుడ్ విత్ లామినేట్, 90.7 చ.అ.: 36
చిమ్నీ, సింక్, ట్యాప్: 7
పెయింటింగ్, క్లీనింగ్: 3
ఇతరాలు: 5

షరతుల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి, "హార్డ్‌వేర్, యాక్సెసరీస్ ఎట్ యాక్చువల్స్", అంటే వాటికి అసలు ఖర్చు ఎంతైతే అంత విడిగా కట్టాలి. రెండోది, "కటింగ్, పాలిషింగ్ అదనం". మొత్తం కిందే, చిన్న అక్షరాల్లో ఉన్న ఈ రెండు ముక్కలు దాదాపు 7 వంతుల ఖర్చును మోస్తున్నాయి.

ముందు టేప్, తర్వాతే బేరం

కొటేషన్ పట్టుకుని రేట్ల మీద బేరమాడటం మొదలుపెడితే కాంట్రాక్టర్ ఓ 3 శాతం తగ్గిస్తాడు, అందరూ సంతోషిస్తారు. పరిమాణం తప్పయితే ఆ 3 శాతానికి విలువ లేదు. కాబట్టి ముందు పరిమాణాలు సొంతంగా తీయాలి. దీనికి టేపు, కాగితం, ఒక గంట చాలు.

గోడల కొలతలతో పాటు గది మూలమట్టంగా ఉందో లేదో చూడాలి. 12, 9 కొలతల గదిలో ఇది మరీ సులువు: గోడలు సరిగ్గా లంబంగా ఉంటే కర్ణం కచ్చితంగా 15 అడుగులు రావాలి. ఇక్కడ ఒక కర్ణం 15 అడుగుల 1 అంగుళం, రెండోది 14 అడుగుల 11 అంగుళాలు వచ్చాయి. అంటే మూల కొద్దిగా విచ్చుకుంది. లెక్క వేస్తే 9 అడుగుల గోడ చివరికి వెళ్లేసరికి తేడా అంగుళంపావు. కంటికి ఆనదు గానీ, గ్రానైట్‌ను నూటికి నూరు శాతం లంబకోణంలో కోసి తెస్తే గోడ పక్కన ఆ తేడా సందుగా కనిపిస్తుంది. క్యాబినెట్లకు సందు మూసే ఫిల్లర్ పట్టీలు కావాలి, కౌంటర్‌కి టెంప్లేట్ (అసలు ఆకారానికి సరిపోయే నమూనా) తీయాలి. రెండూ కొటేషన్‌లో లేవు. ఖర్చు చిన్నదే. కానీ రాసి ఉండకపోతే ఫిటింగ్ రోజున సిలికాన్‌తో సందు నింపేసి వెళ్తారు.

క్యాబినెట్లు: ఒకే మూలను రెండుసార్లు కొలిచారు

36 వంతులు ఉన్న లైను ఇదే, కాబట్టి ఎక్కువ సమయం దీని మీదే పెట్టాలి.

కాంట్రాక్టర్ కింది క్యాబినెట్ల పొడవు 12 + 9 = 21 అడుగులని వేశారు. 12 అడుగుల గోడ మీద నడిచే క్యాబినెట్ లోతు 2 అడుగులు, కాబట్టి 9 అడుగుల గోడ మీద 2 అడుగులు దాని కిందికే పోతాయి. మిగిలేది 7. అందులో ఫ్రిజ్‌కి 3 పోతే 4. అసలు పొడవు 16 అడుగులు. ప్లింత్‌తో (కింది పీఠంతో) కలిపి 2.7 అడుగుల ఎత్తు మీద వాళ్ల లెక్క 56.7 చ.అ., నిజమైనది 43.2 చ.అ.

పై క్యాబినెట్లకు 12 + 9 లోంచి కిటికీ 4 తీసేసి 17 అడుగులు వేశారు. అడుగు లోతున్న మూల మళ్లీ రెండుసార్లు వచ్చింది, చిమ్నీ చోటు 3 అడుగులు తీయనేలేదు. సరిగ్గా అయితే 13 అడుగులు. రెండడుగుల ఎత్తు మీద 34కి బదులు 26 చ.అ.

మొత్తం 90.7 బదులు 69.2 చ.అ. అదే రేటు మీద 36 వంతుల లైను 27.5కి దిగుతుంది. తేడా 8.5 వంతులు.

దీన్ని మోసం అనడానికి తొందరపడకూడదు. చాలామంది కాంట్రాక్టర్లు గోడ పొడవు చూసి ఉజ్జాయింపుగా వేసి, "కొలతలు పని అయ్యాక" అని మాట మీద చెబుతారు. చిక్కల్లా ఆ మాట కాగితం మీద లేకపోవడమే. లంప్‌సమ్ (గంపగుత్త) అని రాసి ఉంటే 21 అడుగుల డబ్బే కట్టాలి.

ఇక "ప్లైవుడ్ విత్ లామినేట్" అన్న మూడు ముక్కలు ఏమీ చెప్పవు. ఇవి రాయించాలి: బాక్సు, షటర్ (తలుపు) రెండింటికీ 18 మి.మీ. మందం, వెనక ప్యానెల్ 6 మి.మీ. లేక 8, ప్లైవుడ్ బాయిలింగ్ వాటర్ ప్రూఫ్ గ్రేడ్, కనీసం సింక్ కింది యూనిట్‌కైనా, బయట లామినేట్ 1 మి.మీ., లోపల ఏది. షటర్ అంచులకు 2 మి.మీ. ఎడ్జ్ బ్యాండ్ (అంచు మూసే పట్టీ), మెషిన్ మీద వేసిందా, చేత్తో అంటించిందా. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ క్యాబినెట్ పాడవడం మొదలయ్యేది అక్కడే. సింక్ కింద తేమ బ్యాండ్ అంచులోంచి దూరి, లోపలి పొరలు ఉబ్బుతాయి. పైన లామినేట్ ఎంత మంచిదైనా దాన్ని ఆపలేదు. ముఖ్యంగా షటర్ కింది అంచు. కనబడదు కాబట్టి దానికి బ్యాండ్ వేయకుండా వదిలేస్తారు. షటర్ వచ్చిన రోజు వేలితో కింది అంచు తడిమి చూస్తే తెలిసిపోతుంది.

రేటు సబబా కాదా తేల్చడానికి షీట్ల లెక్క బాగా పనికొస్తుంది. కింది క్యాబినెట్లలో పక్క పలకలు 12, ఒక్కోటి దాదాపు 4.3 చ.అ., మొత్తం 52. అడుగు పలకలు 29, షెల్ఫులు 15, ముందు షటర్లు 38, ఆరు డ్రాయర్ల బాక్సులు 36. కలిపితే 170. పై క్యాబినెట్లలో పక్కలు 24, పైకప్పు, అడుగు 26, షెల్ఫులు 13, షటర్లు 26, మొత్తం 89. అంతా 259 చ.అ. ఒక షీటు 8 × 4, అంటే 32 చ.అ. ఎనిమిది షీట్ల పైచిలుకు, 20 శాతం తరుగు కలుపుకుంటే 10 షీట్లు. వెనక ప్యానెల్ వేరు. షీటు ధర, లామినేట్ ధర బయట కనుక్కుంటే మెటీరియల్ ఎంతో, లేబర్, మార్జిన్ ఎంతో తేలుతుంది. ఇంకో లాభం: సైటుకు ఆరే షీట్లు వచ్చి బాక్సులన్నీ తయారయ్యాయంటే, ఎక్కడో పలుచటి బోర్డు కలిసిందని అర్థం. వెర్నియర్ పెట్టి మందం చూస్తే పట్టుబడుతుంది. 18 అని చెప్పింది 16 రావడం మామూలుగా జరిగేదే.

హార్డ్‌వేర్ ఎట్ యాక్చువల్స్ అన్నారు కదా, డ్రాయింగ్ ముందు పెట్టుకుని లెక్కిస్తే: షటర్లు కింద 6, పైన 8, ఒక్కోదానికి 2 చొప్పున 28 హింజెస్. డ్రాయర్లు 6, అంటే 6 జతల ఛానల్స్ (డ్రాయర్ జారే పట్టాలు). అడుగు వెడల్పు పుల్అవుట్ ఒకటి. హ్యాండిల్స్ 21. సాఫ్ట్ క్లోజ్ కావాలన్నారు. అన్నీ కలిపి 6 వంతులు. మామూలు ఛానల్‌కీ సాఫ్ట్ క్లోజ్ ఛానల్‌కీ ధరలో చాలా అంతరం ఉంటుంది కాబట్టి "యాక్చువల్స్" అని వదిలేస్తే ఈ అంకె ఎటైనా పోవచ్చు. బ్రాండు, సిరీస్, డ్రాయర్ ఛానల్ మోయగల బరువు, మూడూ రాయించాలి. గిన్నెలు పెట్టే లోతు డ్రాయర్‌కి తక్కువ బరువు ఛానల్ వేస్తే కొన్నాళ్లకే డ్రాయర్ ముందుకు వాలుతుంది.

కౌంటర్

42 చ.అ. అంటే మళ్లీ 21 × 2. అసలు పొడవు 16 అడుగులు, ముందుకు అంగుళం పొడుచుకు వచ్చేలా వెడల్పు 25 అంగుళాలు, అంటే 33.3 చ.అ. తరుగు 10 శాతం కలిపినా 36.7. సింక్, హాబ్ (కౌంటర్‌లో అమర్చే స్టవ్) రంధ్రాలను తగ్గించమని అడగడం న్యాయం కాదు, ఆ రాయి ఎలాగూ వృథా అవుతుంది. 11 వంతులు 9.6కి దిగింది, 1.4 తగ్గింది. అటువైపు "కటింగ్, పాలిషింగ్ అదనం" అన్నదానికి ముందు అంచు 14 అడుగులు, ఫ్రిజ్ వైపు అంచు 2, రెండు కటౌట్లు కలిపి 1 వంతు వేసుకోవాలి.

ఒప్పందంలో ఇంకో మాట చేర్చాలి: కౌంటర్ టెంప్లేట్ కింది క్యాబినెట్లు బిగించి లెవెల్ చూశాకే తీయాలి. ముందే కోసి తెచ్చిన రాయి విచ్చుకున్న మూలలో ఇమడదు. జాయింట్ ఎక్కడ వస్తుందో కూడా ముందే డ్రాయింగ్‌లో గుర్తు పెట్టాలి. సింక్ కటౌట్ మీద జాయింట్ పెట్టనివ్వకూడదు, అక్కడ రాయి అసలే సన్నబడి ఉంటుంది.

టైల్స్

పరిమాణం సరిగ్గానే ఉంది. ఫ్లోర్ 108 చ.అ., తరుగుతో 119. డాడో (కౌంటర్ పైన గోడ టైల్స్) 18 అడుగులు × 2 అడుగులు, చిమ్నీ వెనక ఇంకో 6, తరుగుతో 46. మొత్తం 165, వాళ్లు వేసింది 170. క్యాబినెట్ల కింద కూడా టైల్ వేయడం ఇందులో ఉంది. అది మంచిదే, లీకైన నీళ్లు అక్కడే నిలుస్తాయి కాబట్టి.

సమస్య బేసిక్ రేటులో ఉంది. ఫోన్ చేసి అడిగితే 13 వంతుల్లో మెటీరియల్ 6, వేయడానికి 7 అని చెప్పారు. ఆ 6 వంతులకు వచ్చే టైల్ ధర ఇంటివాళ్లు ఎంచుకున్న టైల్ ధరలో మూడింట రెండొంతులే. అంటే ఇంకో 3 వంతులు కావాలి. ఇలాంటి అంకెను అలవెన్స్ అంటారు: వస్తువు ఇంకా ఎంచుకోలేదు కాబట్టి ఓ ధర అనుకుని వేసింది. అలవెన్స్ తప్పు కాదు, అదెంతో చెప్పకపోవడం తప్పు. చిమ్నీ, సింక్, ట్యాప్ లైనుదీ ఇదే కథ. మోడల్ లేదు. ఎంచుకున్నవాటి ధర, చిమ్నీ 6 అంగుళాల డక్ట్, గోడకు రంధ్రం కోర్ కటింగ్ కలిపితే 7 కాదు, 9.

కొట్టివేత, చెత్త

కొడతామని రాశారు, ఎత్తుకెళ్తామని రాయలేదు. ఫ్లోర్ టైలు, దాని కింది బెడ్డు కలిపి రెండున్నర అంగుళాల మందం అనుకుంటే 22.5 ఘనపుటడుగులు. పాత వాల్ టైల్స్, ప్లాస్టర్ 7. పాత ప్లాట్‌ఫాం, దాని దిమ్మలు 13. కలిపి 42.5. కొట్టాక ఒకటిన్నర రెట్లు ఉబ్బి 64 దాకా అవుతుంది. సంచికి ఒక ఘనపుటడుగు నింపితే 64 సంచులు, ఒక్కోటి 40 కిలోల దగ్గర, అంతా రెండున్నర టన్నులు. మెట్లు దించాలంటే మనుషుల ఖర్చు, బండి ఖర్చు వేరు. 2 వంతులు.

ప్లంబింగ్

ఇక్కడ డబ్బు కంటే వాలు పెద్ద ప్రశ్న. సింక్ కొత్త చోటికి వెళ్లడం వల్ల డ్రెయిన్ పైపు 8 అడుగులు నడవాలి. రెండంగుళాల పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు కావాలి, 8 అడుగులకు 2 అంగుళాలు. పైపు క్యాబినెట్ల కింద ప్లింత్ చోటులో వెళ్తుందని కాంట్రాక్టర్ చెప్పారు. ప్లింత్ ఎత్తు 4 అంగుళాలు. వాలు 2, పైపు బయటి వ్యాసం రెండు పైచిలుకు, కలిపితే 4 దాటిపోతుంది, పట్టదు. ప్లింత్ 5 అంగుళాలు చేయాలి, లేదా ఫ్లోర్ కొట్టి పైపు దించాలి. 5 చేద్దామని నిర్ణయించారు. క్యాబినెట్ ఆర్డర్ ఇవ్వకముందే తేలాల్సిన విషయం ఇది. తర్వాత బయటపడితే వాలు తగ్గించి సర్దేస్తారు, నూనె జిడ్డు పైపులో పేరుకుంటుంది, ఏడాది తిరక్కుండా సింక్ నిలిచిపోతుంది.

ముందుముందు డిష్‌వాషర్ పెట్టుకునేందుకు నీటి కనెక్షన్, డ్రెయిన్ ఇప్పుడే వేయడానికి, యాంగిల్ వాల్వులకు, గోడ మూసేముందు ప్రెషర్ టెస్ట్‌కి 1.5 వంతులు కలిపాం. టెస్ట్ అంటే మామూలు పీడనానికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజ్ ముల్లు కదలకుండా ఉందో లేదో ఇంటివాళ్లు నిలబడి చూడటం. డిష్‌వాషర్ వచ్చే చోట 60 సెం.మీ. క్యాబినెట్‌ను విడిగా ఊడదీయగలిగేలా చేయించాలి.

ఎలక్ట్రికల్

పది పాయింట్లు దేనిదేనికి అని అడిగితే జవాబు రాలేదు. లెక్కిస్తే: ఫ్రిజ్, ఓవెన్, మైక్రోవేవ్, హాబ్, చిమ్నీ, డిష్‌వాషర్, వాటర్ ప్యూరిఫయర్, కౌంటర్ మీద నాలుగు, ఎగ్జాస్ట్, సీలింగ్ లైట్లు రెండు, క్యాబినెట్ కింది లైటు. పదిహేను. పాయింటుకు 0.8 వంతుల చొప్పున ఇంకో 4.

సంఖ్య కంటే సర్క్యూట్లే ప్రాణం. 230 వోల్టుల మీద ఓవెన్ 3,000 వాట్లు, డిష్‌వాషర్ 2,000, మైక్రోవేవ్ 1,500 ఒకేసారి నడిస్తే 28 ఆంపియర్లు. ఒకే సర్క్యూట్ మీద పెడితే ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) పడిపోతూ ఉంటుంది. విసిగి ఎవరో పెద్ద ఎం.సి.బి. మార్చేస్తారు, అప్పుడు కాలేది వైరు. ఓవెన్‌కి ఒకటి, డిష్‌వాషర్‌కి ఒకటి విడిగా సర్క్యూట్లు, వైరు సైజులు, ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) అన్నీ కాగితం మీదికి రావాలి. పాయింటు అంటే బోర్డు నుంచి కొత్త వైరు లాగడమా, దగ్గరున్న సాకెట్ నుంచి పొడిగించడమా అన్నదీ రాయాలి. రెండింటినీ ఒకే రేటుకు పాయింటు అనే అంటారు.

అన్నీ కలిపితే

"ఇతరాలు 5" అన్న లైను దేనికో ఎవరూ చెప్పలేకపోయారు, తీసేశాం. అనుకోని ఖర్చు తప్పకుండా వస్తుంది. దానికి డబ్బు ఇంటివాళ్ల చేతిలో ఉండాలి, కాంట్రాక్టర్ బిల్లులో కాదు.

తగ్గినవి: క్యాబినెట్లు 8.5, కౌంటర్ 1.4, ఇతరాలు 5. మొత్తం 14.9. పెరిగినవి: హార్డ్‌వేర్ 6, ఎలక్ట్రికల్ 4, టైల్స్ 3, చెత్త 2, చిమ్నీ-సింక్ 2, ప్లంబింగ్ 1.5, కౌంటర్ అంచులు 1. మొత్తం 19.5. నికరంగా 104.6.

ఉన్నదున్నట్టు సంతకం పెట్టి ఉంటే తగ్గాల్సినవి తగ్గేవి కావు, పెరగాల్సినవన్నీ పని మధ్యలో ఒక్కొక్కటిగా వచ్చేవి. అంటే 119.5. గోడలు కొట్టేసి ఉన్నప్పుడు అడిగిన రేటే ఇవ్వాలి కాబట్టి నిజానికి ఇంకా పైకే పోయేది. రెండో కాంట్రాక్టర్ కొటేషన్ 109. అందులో హార్డ్‌వేర్, చెత్త తరలింపు, అంచుల పాలిష్ ముందే ఉన్నాయి, పొడవు 16 అడుగులనే వేశారు. ఒక ఎలక్ట్రికల్ పాయింటు, టైల్ ధరలో తేడా సరిచేస్తే 111.3. చవకగా కనిపించింది 8 వంతులు ఎక్కువ, ఖరీదుగా కనిపించింది తక్కువ. సమాన పని మీద పోల్చకుండా మొత్తాలను మాత్రమే పక్కపక్కన పెడితే ఎంపిక తలకిందులవుతుంది.

సరిచేసిన పట్టిక చూపిస్తే మొదటి కాంట్రాక్టర్ కొలతలన్నీ ఒప్పుకున్నారు, కానీ క్యాబినెట్ రేటు పెంచాలన్నారు. డ్రాయర్లు ఎక్కువున్న యూనిట్‌కి, ఉత్త షెల్ఫుల యూనిట్‌కి ఒకే రేటు గిట్టదన్నది ఆయన వాదన. అది సబబే, డ్రాయర్ బాక్సుకు మెటీరియల్, పని రెండూ ఎక్కువ పడతాయి. 27.5 ఉన్న లైను 30 అయింది, ఒప్పందం 107.1 దగ్గర కుదిరింది. ఈ 2.5 కోసం పట్టుబట్టకపోవడమే మంచిది. గిట్టుబాటు కాని రేటుకు ఒప్పుకున్న కాంట్రాక్టర్ ఆ డబ్బును హింజెస్‌లోనో ప్లైవుడ్‌లోనో రాబట్టుకుంటాడు. కాంటింజెన్సీకి (అనుకోని ఖర్చుకు) 10 శాతం, అంటే 10.7 వంతులు విడిగా పెట్టారు.

డబ్బు ఎప్పుడు ఇవ్వాలి

మొదట అడిగింది 50 శాతం అడ్వాన్స్, క్యాబినెట్లు వచ్చాక 40, చివర 10. కొట్టివేత, సివిల్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పూర్తయినా జరిగిన పని విలువ కొటేషన్ ప్రకారమే 25 వంతులు. అప్పటికి కాంట్రాక్టర్ చేతిలో 50 ఉంటుంది. పని ఆగినా, నాణ్యత తగ్గినా ఇంటివాళ్ల దగ్గర పట్టు ఉండదు.

మార్చింది ఇలా: సంతకానికి 10 శాతం. పైపులు, వైర్లు వేసి ప్రెషర్ టెస్ట్ అయ్యాక 15. టైల్స్ పూర్తయ్యాక 20. బాక్సులు సైటుకు వచ్చి మందం, గ్రేడ్ ముద్ర, అంచులు చూశాక 25. కౌంటర్, షటర్లు బిగించాక 20. మిగిలిన 10లో సగం లోపాల జాబితా తీరాక, సగం మూడు నెలలు వాడి చూశాక. క్యాబినెట్ మెటీరియల్ కొనడానికి ముందే డబ్బు కావాలని కాంట్రాక్టర్ అడిగారు, అడగడంలో న్యాయం ఉంది. షీట్ల బిల్లు చూపిస్తే 25లోంచి 10 ముందే ఇచ్చేలా రాసుకున్నారు.

క్యాబినెట్ల తుది కొలత టైల్స్ అయ్యాకే తీయాలన్న నియమం కూడా ఇందులోనే కలిపారు. అదనపు పనికి రేట్లు ముందే రాసుకున్నారు: ఒక ఎలక్ట్రికల్ పాయింటుకు ఇంత, చదరపు అడుగు ప్లాస్టర్‌కు ఇంత, ఒక డ్రాయర్‌కు ఇంత. ఏ మార్పయినా మెసేజ్‌లో రేటు, పరిమాణం రాసి, ఇటునుంచి సరే అన్నాకే మొదలుపెట్టాలి. "అవసరాన్ని బట్టి" అని ఉన్న సివిల్ లైనును 6 వంతులకు 60 చ.అ. ప్లాస్టర్, వైర్ల గాడులు మూయడం, గడప సరిచేయడం అని విడగొట్టారు. అది దాటితే రేటు ప్రకారం.

పనిలో తేలినవి

డాడో కొట్టాక పాత సింక్ వెనక గోడ అడుగు భాగం తడిసి గుల్లబారి ఉంది. సింక్ కింది ట్రాప్ (వంపు పైపు) జాయింట్ చాలాకాలంగా కారుతోంది. 60 చ.అ. పోను ఇంకో 40 చ.అ. ప్లాస్టర్ తీసి, ఆరబెట్టి, మళ్లీ వేయాల్సి వచ్చింది. రాసుకున్న రేటు ప్రకారం 2.2 వంతులు, వాదన లేకుండా కాంటింజెన్సీలోంచి పోయింది. ఇంటివాళ్లు మధ్యలో ఒక షెల్ఫ్ యూనిట్‌ను డ్రాయర్లుగా మార్చమన్నారు, అది 0.8. చివరి లెక్క 110.1.

బాక్సులు వచ్చిన రోజు తనిఖీలో మందం సరిగ్గా ఉంది గానీ, ఎనిమిది పై షటర్లలో మూడింటికి కింది అంచు బ్యాండ్ లేదు. 25 శాతంలో మిగిలిన 15 ఇవ్వకముందే బయటపడింది కాబట్టి మూడూ వెనక్కి వెళ్లి మర్నాడు బ్యాండ్‌తో వచ్చాయి. లోపాల జాబితాలో చివరికి మిగిలినవి రెండు: ఒక డ్రాయర్ ముందు పలక పక్కదానికంటే 3 మి.మీ. దిగి ఉండటం, ఫ్రిజ్ వైపు ప్లింత్‌కి సీలెంట్ వేయకపోవడం. అవి సరిచేశాక 5 శాతం విడుదలైంది. రెండో 5 శాతం మూడు నెలల తర్వాత, సింక్ కింద టిష్యూ కాగితం పరిచి జాయింట్లన్నీ పొడిగా ఉన్నాయని, డ్రాయర్లు నిండా బరువుతో నేరుగా మూసుకుంటున్నాయని చూసి ఇచ్చేశారు.